అమ్మ వైద్యం, ‘పుట్ ఆఫ్’ పాఠం

నేను కాశీయాత్రకు బయలుదేరుతున్నానని మా ఊరు మామిడికుదురులో చెప్పుకుంటున్నారట. కొత్త సంచి కొన్న మాట నిజమే... వెళ్లేది మాత్రం కాశీకి కాదు.

మా చిన్నప్పుడు... ఎనిమిదో తరగతిలో ఇంగ్లీషు మాస్టారు ‘పుట్ ఆఫ్’ పాఠం చెప్పారు. “వానొచ్చి పెళ్లిచూపులు వాయిదా వేసేరనుకోండి, అది పుట్ ఆఫ్. గుమ్మంలోకి వచ్చినవాణ్ణి ఏదో ఒకటి చెప్పి మర్యాదగా పంపించేస్తారే, అదీ పుట్ ఆఫే. మన కోనసీమ వాళ్లకి ఇది వేరే నేర్పక్కర్లేదర్రా!” అన్నారు. తరగతంతా నవ్వింది.

ఇంట్లో జరిగినదే వాక్యంగా చెప్పమన్నారు. నేను లేచి, “మై మదర్స్ ట్రీట్‌మెంట్ ఈజ్ పుట్ ఆఫ్” అన్నాను. వాక్యంలో తప్పు లేదు... మాస్టారు మాత్రం నవ్వు ఆపేశారు.

అమ్మకు రొమ్ములో గడ్డ. అమలాపురం వెళ్లి డాక్టరుగారికి చూపించుకుంటానని ఆమె అడిగినప్పుడల్లా నాన్నగారు “ఆయ్, అలాగే... కుప్పనూర్పులు అవ్వనీ” అనేవారు. నూర్పులయ్యాక నాయనమ్మ అందుకుంది. “మూఢంలో ఆసుపత్రి గడప తొక్కుతారుటే ఎవరైనా?” మూఢం వెళ్లాక అమ్మే అంది, “పెద్దదాని పురుడు గడవనీండి” అని. ఆసుపత్రికి వద్దని మాత్రం ఎవరూ అనలేదు. మా వైపు కాదనడం మర్యాద కాదు మరి...

ఆ సాయంత్రమే మాస్టారు సైకిలు మీద మా ఇంటికి వచ్చి, “అమ్మగారిని ఒక్కసారి చూపించండి బాబూ” అని బతిమాలారు. నాన్నగారు బొండం కొట్టించి చేతికిచ్చి, “ఆయ్, తప్పకుండానండి మాస్టారూ! పనిగట్టుకుని వచ్చి చెప్పేరు, కాదంటానేంటండీ?” అంటూ వీధి మలుపు దాకా సాగనంపారు.

స్తంభం చాటున నిలబడి చూశాను. కళ్లముందు జరుగుతున్నదాని పేరు నాకు తెలుసు... ఆపడమే తెలియదు.

చివరికి అమలాపురం తీసుకువెళ్లేసరికి డాక్టరుగారు కత్తి పట్టనన్నారు. చింతచిగురు రొయ్యలంటే ప్రాణం పెట్టే అమ్మ, ఆఖరి రోజుల్లో ఆ వాసనకే మొహం తిప్పేసుకునేది. తిండి సహించకుండా చేసే వాసన విషయంలోనూ ‘పుట్ ఆఫ్’ అనే వాడతారని కాలేజీలో ఒకనాడు చదివాను... పుస్తకం మూసేశాను.

ఇప్పుడు అన్నీ మారాయి. రిపోర్టు సాయంత్రానికల్లా ఫోనులోకి వచ్చేస్తోంది. నాదీ అలాగే వచ్చింది... అమ్మకున్న చోటే గడ్డ. మా మేనల్లుడు చూసి, “ఆయ్, చూపిద్దాం అత్తయ్యా. ఈ ఎండలు తగ్గనీ, నేనే దగ్గరుండి తీసుకెళ్తాను” అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. నాన్నగారిదీ ప్రేమే.

మీ ఇళ్లలో ‘చూద్దాంలే’ అన్న మాటతో చేజారిపోయినవారు ఉంటే, వారి గురించి ఈ పోస్టు కింద రాయండి. నేను చదవగలనో లేదో చెప్పలేను... ధైర్యంగా ఉన్నానని కూడా చెప్పలేను. ఎల్లుండి కాకినాడలో నాకు ఆపరేషను. బంధువుల సంతకం కావాలన్నారు. ఎవరికీ చెప్పకుండా, ఆ చోట కూడా నేనే పెట్టి వచ్చాను.