కత్తిరించిన పాట

చెవి సందున బీడీ పెట్టుకుని, మిషన్ రూము గోడకున్న కంతకి ఒక కన్ను ఆనించి హాల్లో జనాన్ని చూడటం ఆపరేటర్ బాలస్వామికి అలవాటు. మిరపకోతల రోజుల్లో మార్టూరులోని ఆ హాలుకి మ్యాట్నీకొచ్చేది ఎక్కువగా తొడిమలు తీసే ఆడవాళ్ళే. ఆ వారం ఆడుతున్నది యుద్ధం సినిమా. పెళ్ళైన నెలకే పటాలానికి పోయిన మొగుడి కోసం పెళ్ళాం పాడే ఒక్క ఏడుపు పాట చుట్టూ అల్లిన కథ. పాట మొదలవగానే ఆడవాళ్ళు, కారం చేతులతో ముట్టుకోలేక, మోచేతులతో కళ్ళు తుడుచుకునేవాళ్ళు. "అంతా మిరపఘాటు! పాటెవరు చూస్తున్నారు?" అనుకున్నాడు. మొదటాటలోపు ఇంటికెళ్ళి నింపాదిగా అన్నం తినొచ్చని, శుక్రవారం ఆ పాటని కత్తిరించి డబ్బాలో పడేశాడు.

ఆట వదిలాక, తొడిమలు తీసేవాళ్ళలో ఒకామె, రెబ్కా, మిషన్ రూము మెట్ల దగ్గర నిలబడి ఉంది. "పాటేదన్నా?"

"రీలు తెగిందమ్మా," అన్నాడు తడుముకోకుండా.

"అయ్యో, దానికోసమే మూడోసారి వచ్చా. మా ఆయన డెబ్బై ఒకటిలో యుద్ధానికి పోయి తిరిగి రాలా. ఇంట్లో ఏడిస్తే మా అత్త బెంబేలు పడుద్ది. ఇక్కడైతే మిరపఘాటనుకుంటారు."

బాలస్వామి చెవి సందునున్న బీడీ తీసి, ముట్టించకుండానే నలిపేశాడు. మర్నాడు పాట మళ్ళీ అతికించాడు. అది నడిచినంతసేపూ కంత వైపు మాత్రం పోలేదు.