నాంజింగ్‌లో ప్రభువు పేరు చెప్పి

మా సంఘంలో నన్ను ప్రార్థనాపరురాలు అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా గుండె మీద ఎవరో బరువు పెట్టినట్టుంటుంది. ఎన్నో ఏళ్లుగా మోస్తున్నాను. పాస్టర్‌గారికి చెప్పలేదు. మా ఆయనకీ చెప్పలేదు. ముఖం తెలియని మీకు చెబుతున్నాను. మీకే ఎందుకు? మీరు నన్ను ప్రార్థన చేయమని అడగరు కాబట్టేనేమో.

ఎనభైల మధ్యలో మాట. అప్పుడు వర్జీనియాలో ఉండేవాళ్లం. మేం వెళ్లే అమెరికన్ చర్చిలో పెద్దవాళ్లు కొందరు చైనా టూర్ పెట్టుకున్నారు. యాంగ్‌ట్సీ నది మీద చుంకింగ్ నుంచి ఓడలో దిగువకి, ఒడ్డునున్న పాత నగరాలు చూసుకుంటూ. అందులో తెలుగువాళ్లం ఇద్దరమే, నేనూ రాజమణి ఆంటీ. ఆవిడ మా పక్క ఊరు షాంటిలీలో కొడుకు దగ్గర ఉండేది. మోకాళ్ల నొప్పులు. ఎక్కడికైనా నేను తోడుంటానని మాటిచ్చాకే కొడుకు పంపాడు.

ఆంటీ కొండలూ కోటలూ చూడటానికి రాలేదు. గుంటూరు దగ్గర మిషన్ హాస్టల్లో, తల్లీతండ్రీ లేని ఆవిడను పెంచిన దొరసానమ్మ నాంజింగ్‌లో పుట్టిందట. అక్కడి చిన్న చర్చిలోనే బాప్తిస్మం పొందిందట. ఆ నేల మీద మోకరించి ఒక్క ప్రార్థన చేసుకోవాలి, అంతే ఆంటీ కోరిక. కొండల మధ్య నది ఇరుకైన చోట అందరూ కెమెరాలు పట్టుకుని పరుగెత్తుతుంటే ఆవిడ శాలువా కప్పుకుని కూర్చుని, "ఇంకెంత దూరమమ్మా నాంజింగ్?" అని అడిగేది.

నాంజింగ్‌లో మాకు ఒకే రోజు. గైడ్ అమ్మాయి పాపం ఎక్కడెక్కడో వాకబు చేసి ఆ చర్చి ఉన్న సందు కనుక్కుంది, ఉదయానికి కారు మాట్లాడింది. ఆంటీ వెంట ఒకరు వెళ్లాలి. సరిగ్గా అదే వేళకి మిగతావాళ్ల బస్సు పాత చక్రవర్తి సమాధికి బయలుదేరుతోంది. దారికి రెండు వైపులా రాతి ఏనుగులు, ఒంటెలు. టూర్ కాగితాల్లో ఆ బొమ్మ చూసినప్పటి నుంచీ నాకు అదే ధ్యాస.

నేను రాలేనని చెబితే ఆంటీ తప్పు పట్టేది కాదు. ఇంకెవరినైనా ఆవిడకి తోడు వెళ్లమని నేను అడిగి ఉండొచ్చు. ఎందుకు అడగలేదు? మాట తప్పిందన్న పేరు నాకు రాకూడదు. ఏనుగులూ కావాలి, మంచి పేరూ కావాలి. అందుకని ఎవరూ ఎదురు ప్రశ్న వేయలేని వాడి పేరు వాడుకున్నాను.

ఉదయం ఓడలో మా గదిలో ప్రార్థన ముగిసింది. ఆంటీ చెప్పులు వేసుకుంటోంది.

"ఆంటీ, ప్రభువు వెళ్లొద్దంటున్నాడు."

"ఎక్కడికి? నీ ఏనుగుల దగ్గరికా?" నవ్వుతూనే అంది.

"కాదు. చర్చికి."

రెండో చెప్పు చేతిలోనే ఉండిపోయింది.

"స్పష్టంగా చెప్పాడా అమ్మా?"

"చెప్పాడు ఆంటీ."

"అయితే ఇంకేముంది. కారు క్యాన్సిల్ చేయమను. నువ్వెందుకు ఇక్కడ కూర్చోవడం, పోయి చూసి రా."

వెళ్లాను. రాతి ఏనుగు పక్కన నిలబడి నవ్వుతూ ఫొటో దిగాను. నిజం చెప్పాలంటే, అక్కడున్నంతసేపు ఆంటీ గుర్తుకు రాలేదు.

తిరిగొచ్చాక తెలుగువాళ్ల కూటంలో ఆంటీ సాక్ష్యం చెప్పింది. చైనాలో విధేయత నేర్చుకున్నానంది. అందరూ స్తోత్రం అన్నారు, నేనూ అన్నాను. ఇంటికి దింపుతుంటే కార్‌లో మెల్లగా అడిగింది: "అంత దూరం తీసుకెళ్లి గుమ్మం దగ్గర ఆపాడంటే, నాలో ఏం లోపం చూశాడంటావు?"

ట్రాఫిక్ చూస్తున్నట్టు నటించాను.

అప్పటి నుంచి ఆ లోపం కోసం ఆవిడ వెతకని చోటు లేదు. ఉపవాసాలు మొదలుపెట్టింది. ఎప్పటివో పాత మాటలు తవ్వి తీసి కోడలిని క్షమించమంది. ఆ అమ్మాయి బిత్తరపోయి, "అత్తయ్యా, అవి నాకు గుర్తే లేవు" అంది. ఆవిడ పరిశుద్ధతలో ఎదుగుతోందని సంఘమంతా మురిసింది. నేను దొంగిలించినదాన్ని ఆవిడ తన ఇంట్లో వెతుక్కుంటోందని నాకొక్కదానికే తెలుసు. ప్రతి ఆదివారం ఆవిడ పక్కనే కూర్చుని ప్రభువు బల్లలో రొట్టెకు చేయి చాపాను. ఆ చేయి ఎలా ముందుకు వచ్చిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

చివర్లో హాస్పిటల్‌లో నా చేయి పట్టుకుని, "ఆయనకి నా మీద ఇంకా కోపముందేమో అడుగమ్మా. నీకైతే చెబుతాడు" అంది. చెప్పేయడానికి అంతకు మించిన సమయం ఉందా? కొడుకు పక్కనే ఉన్నాడు. "లేదు ఆంటీ, కోపం లేదట" అన్నాను. మళ్లీ ఆయన పేరే వాడుకున్నాను. ఆ మాట నిజమే అయి ఉండొచ్చు, కానీ అప్పుడు కూడా ఆయన్ని అడిగి చెప్పలేదు.

క్షమాపణ గురించిన వాక్యాలన్నీ నాకు కంఠస్థం. పిల్లలకు నేర్పినదాన్ని. వాటిలో ఒక్కటి కూడా నాకోసమని తీసుకోలేకపోతున్నాను. క్షమించాల్సిన మనిషి లేదు.

మీ దగ్గర ఆ క్షమాపణ కూడా అడగను. ఆవిడకు చెప్పాల్సింది మీకు చెబుతాను, అంతే. ఆ ఉదయం ఆంటీ కళ్లు మూసుకుని ప్రార్థిస్తున్నంతసేపూ నేను కళ్లు తెరిచి, రేవులో ఆగి ఉన్న బస్సు వైపు చూస్తున్నాను. ప్రభువు నాతో ఏమీ అనలేదు. రాజమణి ఆంటీలో ఏ లోపమూ లేదు.