తలుపుల మేస్త్రి రాని రోజు

మా ఇంట్లో కింది గదుల తలుపులు ఏవీ మూసుకోవు. భద్రాచలంలో మా వీధి పల్లంలో ఉంది. గోదావరి పొంగినప్పుడల్లా ముందు మా గడపే దాటుతుంది. నీళ్లు దిగాక తలుపులు ఉబ్బిపోయి, సగం దాకా వచ్చి మొరాయిస్తాయి. నాకూ మా ఆయనకూ అది అలవాటైపోయింది. అత్తమ్మకు కాలేదు. తుంటి ఎముక విరిగి మంచం పట్టిన ఆమె పడుకునేది నడిమింట్లో. వంటింట్లోకి వెళ్లే ఎవరైనా ఆ మంచం పక్క నుంచే పోవాలి. ఒళ్లు తుడిచి చీర మార్చేటప్పుడు దర్వాజకు పాత చీర అడ్డం కడతాను. గాలికి అది లేచినప్పుడల్లా ఆమె కళ్లు గట్టిగా మూసుకుంటుంది, తాను చూడకపోతే ఎవరూ చూడరన్నట్టు. "నాకొక తలుపు పెట్టియ్యి బిడ్డా" అని, ఆమె నన్ను అడిగింది అదొక్కటే.

చివరికి నీళ్లకు నానని ప్లాస్టిక్ తలుపులు పెట్టే మేస్త్రి దొరికాడు. "దర్వాజలు గట్లనే ఉంటయి, రెక్కలే మారుస్త. గదులు ఖాళీ చేసి పెట్టండమ్మా, దుమ్ము బాగ లేస్తది" అన్నాడు ఫోనులో. ఎంత తేలికగా అన్నాడో! బియ్యం బస్తాలు, బీరువాలో బట్టలు, గిన్నెలు, ఇన్వర్టర్ బ్యాటరీ. మా ఆయన మణుగూరు డ్యూటీకి వెళ్లిపోయాడు. సరిగ్గా ఇలాంటి రోజే ఆయనకు సెలవు దొరకదు.

సామాను వాకిట్లో పెడితే సరిపోయేది. ఆ ఆలోచనే నాకు రాలేదు. ఏది కదిలించాలన్నా మా వీధిలో చేతులకు తెలిసిన దారి మేడ మెట్లే. పైన ఒక్క గది ఉంది, వరదొస్తే తలదాచుకోవడానికి కట్టించింది. మోకాళ్ల నొప్పిని తిట్టుకుంటూ బియ్యం మూటతో ఎక్కుతుంటే పక్కింటి వదిన చూసింది.

"ఏంది, గోదారి వస్తున్నదా?"

ఆయాసంతో నోరు పెగల్లేదు. లేదని చెయ్యి ఊపాను. అప్పటికే ఆమె లోపలికి పరుగెత్తింది. ఎండ కాస్తూనే ఉంది, కానీ మా దగ్గర ఎండను ఎవరు నమ్ముతారు? ఎగువన వానలు పడితే చాలు, ఇక్కడికి నీళ్లొస్తాయి. కాసేపట్లో వీధి వీధంతా టీవీలు, పరుపులు మోసుకుంటూ మెట్లెక్కుతోంది. ఒక్కొక్కరికీ చెబుదామని నేను దిగేలోపు మేస్త్రి ఫోన్ చేశాడు.

"మీ దిక్కు నీళ్లొస్తున్నయంట గద. ఇప్పుడు తలుపులేం పెడతమమ్మా? నేను దుమ్ముగూడెం పనికి పోతున్న. నీళ్లు దిగినంక చూద్దం."

"నీళ్లు లేవు, ఏం లేవు! నీ కోసమే సామాను ఎక్కిస్తున్న" అని మొత్తుకున్నాను. నమ్మలేదు, పెట్టేశాడు. నడుం పడిపోయేలా మోసింది ఇందుకా అని ఏడుపొచ్చింది.

పెరట్లో నిలబడి మా ఆయనకు ఫోన్ చేసి, ఆ కోపమంతా ఆయన మీద తీర్చుకుని లోపలికి వచ్చేసరికి అత్తమ్మ మంచం ఖాళీ! పక్కింటి వదిన భర్త, మరిది కలిసి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి మేడ మీదికి చేర్చేశారు. పడుతూ లేస్తూ పైకెక్కి సంగతి చెప్పాను. నవ్వాలో తిట్టాలో తెలియక, వాళ్లు తమ సామాను దించుకోవడానికి వెళ్లిపోయారు.

పై గది తలుపు ఎన్నడూ వరద చూడలేదు.

"తలుపెయ్యి" అంది అత్తమ్మ.

వేశాను, ఒక్క తోపుకే పడింది. నీళ్లు తెచ్చి ఒళ్లు తుడిచాను. ఆమె కొంగు పట్టుకుని పెనుగులాడలేదు, కళ్లు మూసుకోలేదు.

"అత్తమ్మా, గోదారి రాలేదు. వాళ్లు పొరబడ్డరు."

"నాకు తెల్వదా? తలుపుల మేస్త్రి వస్తుండని పొద్దుగాల నువ్వే చెప్తివి. వాళ్లు లేపుతుంటే నోరు మూసుకున్న."

"పైకి తీస్కపొమ్మని ముందే అడగొచ్చు గద!"

"నీ మోకాళ్లు చూసుకుంట ఎట్ల అడుగుతనే?"

తడి గుడ్డ పిండి కిటికీకి ఆరేశాను. ఇక రోజూ ఎన్నిసార్లు ఆ మెట్లెక్కాలో తలచుకుంటే కాళ్లు లాగాయి. కింద ఇంకా పొయ్యే వెలిగించలేదు.

"మేస్త్రి వచ్చేదాక ఇక్కడనే ఉండు" అన్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "జల్దీ రమ్మని ఫోన్ చెయ్యకు" అంది.

సరేనన్నాను. తలుపు దగ్గరగా వేసి, గోడ పట్టుకుంటూ మెట్లు దిగాను.