కారం లేని చేతులు

ప్రత్తిపాడు దాటాక బస్సు కిటికీలోంచి మిరప కల్లాల ఘాటు తగిలితే నాకిప్పటికీ దాహం వేస్తుంది.

చిన్నప్పుడు అమ్మతో మిరప కోతకు వెళ్తే, రైతు భార్య మా దోసిళ్లలోకి పైనుంచి నీళ్లు పోసేది. గ్లాసు ఎందుకివ్వదని అడిగాను. "మన చేతులకి కారం ఉంటుంది కదే, గ్లాసుకి అంటుద్ది" అంది అమ్మ. నమ్మాను.

మరుసటి ఏడు ఆ రైతు చేలోకే పత్తి తీయడానికి వెళ్లాం. ఆవిడ మళ్లీ చెంబు పైకెత్తింది. నేను అరచేతులు చూపించాను.

"ఇవాళ కారం లేదండి. గ్లాసివ్వండి."

ఆవిడ ముఖం మాడిపోయింది. అమ్మ నా భుజం గిల్లి, "ఊరుకోవే" అంది. కారం సంగతి అమ్మ నాకోసం కల్పించిందని అప్పుడర్థమైంది. చేతులు వెనక్కి తీసుకున్నాను. సాయంత్రం దాకా దాహంతోనే పత్తి తీశాను.

ఇప్పుడు ఎవరింటికెళ్లినా గ్లాసు ఎత్తి తాగను. పెదవులు ఆనించే తాగుతాను, వాళ్లు చూస్తుండగానే.