ఎర్రసిరా పేజీ

నిన్న పాత పెట్టె మూత తీయగానే ఎండిన వేపాకు వాసన గుప్పుమంది. వేపాకు అంటే మరొకరికి ఆటలమ్మ గుర్తుకొస్తుందేమో. నాకు మాత్రం ఖాజా సాబ్ గుర్తుకొస్తారు.

డెబ్బైల మొదట్లో కృష్ణా జిల్లా నుంచి వచ్చి హత్నూర వైపు ఒక చిన్న సర్కారు దవాఖానాలో డాక్టరుగా చేరాను. ఖాజా సాబ్ అక్కడ కాంపౌండరు. నిజాం కాలం నుంచీ అక్కడే ఉన్నారు. ఇస్త్రీ చేసిన తెల్ల పైజామా, ముక్కు చివర కళ్లద్దాలు, ఎవరు ఏడ్చినా తొందరపడని నడక. నాకేమో కొత్త డిగ్రీ పొగరు నిండుగా ఉండేది. దాన్ని చురుకుదనం అనుకునేదాన్ని.

చేరిన వారంలోనే గోడ పొడవునా పేర్చిన పాత రోగుల రిజిస్టర్లు నా కంట్లో పడ్డాయి. అన్నీ ఉర్దూలో ఉన్నాయి. నాకు ఒక్క అక్షరం రాదు. మందులకు చోటు చాలడం లేదు, వీటిని పారేయించండి అన్నాను.

"జెర ఆగుండ్రి డాక్టరమ్మా, పనికొస్తయి."

"ఎందుకు? ఊరగాయ పెట్టుకుంటారా?"

ఆయన నవ్వారు. "ఊరగాయ మీ దిక్కు పెడ్తరు. మేం వేపాకు పెడ్తం," అంటూ పురుగు పట్టకుండా పేజీల మధ్య కొత్త రెబ్బలు సర్దారు. నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. సోమవారానికల్లా అవి అక్కడ ఉండకూడదని గట్టిగా చెప్పాను.

సోమవారం రిజిస్టర్లు తాళ్లతో కట్టి వరండాలో ఉన్నాయి. వాటిని దాటుకుంటూ ఎల్లయ్య అనే కుర్రాడు కుంటుతూ లోపలికొచ్చాడు. పటాన్‌చెరువు దగ్గర కొత్తగా లేచిన ఒక ఫ్యాక్టరీలో పనికి కుదిరి నెల కూడా కాలేదు. చీలమండ పైన ఎర్రగా వాచి ఉంది.

"నాటకమాడుతున్న అంటున్నరు డాక్టరమ్మా. నౌకరి పోతది. జల్దీ కోసెయ్యుండ్రి," అని బతిమాలాడు.

ఎన్నాళ్లనుంచి నొప్పి అని అడిగాను. రెండు రోజులన్నాడు. చీముగడ్డ అనుకుని కత్తి చేతిలోకి తీసుకున్నాను. ఖాజా సాబ్ నాకూ ఆ కాలికీ మధ్య వచ్చి నిలబడ్డారు.

"ఒక్క మాట అడగనియ్యుండ్రి. బిడ్డా, నిరుడు ఎండకాలం ఏడున్నవ్? ఏ బాయి నీళ్లు తాగినవ్?"

కాలు వాస్తే నిరుటి నీళ్ల గోలేమిటని విసుక్కున్నాను. ఎల్లయ్య మాత్రం జవాబు చెప్పాడు. "రోడ్డు పనికి పోయిన సాబ్. ఆడ దిగుడుబాయి ఉండె. అండ్లనే కాళ్లు కడిగినం, అవే తాగినం."

ఆయన వరండాలోకి వెళ్లి ఒక కట్ట విప్పారు. ఒక రిజిస్టరు తెచ్చి వేలు పెట్టి చదువుతూ నాకు తెలుగులో చెప్పారు. వేసవి, కాలి వాపు, మంట, దిగుడుబావి. పేజీ తర్వాత పేజీ అదే మాట. నారికురుపు! బావినీళ్లతో ఒంట్లోకి వెళ్లి, ఏడాదికి కాలిలోంచి బయటికొచ్చే పురుగు. పాఠ్యపుస్తకంలో నేనూ చదివాను, మార్కులూ తెచ్చుకున్నాను. పరీక్షతోపాటే మరిచిపోయాను.

ఒక పేజీ దగ్గర ఆయన గొంతు తగ్గింది. అక్కడ ఎర్రసిరా. నాకు ముందెప్పుడో అక్కడ పనిచేసిన, నేనెన్నడూ చూడని ఒక డాక్టరు రాసుకున్నాడు: 'గడ్డ అనుకుని కోశాను. పురుగు లోపలే తెగింది. మనిషి కాలు దక్కలేదు. తప్పు నాది.'

కత్తి పక్కన పెట్టేశాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

తడిగుడ్డ వేస్తూ ఉంటే మూడోనాటికి పొక్కు చిట్లి తెల్లటి దారం తల కనబడింది. ఖాజా సాబ్ దాన్ని పుల్లకు చుట్టి, రోజుకు రెండంగుళాలకు మించకుండా ఓపికగా లాగారు. ఇది నాటకం కాదు, నెల రోజుల సెలవు కావాలని నేను ఫ్యాక్టరీకి ఉత్తరం రాశాను. ఎల్లయ్యకు కాలూ దక్కింది, నౌకరీ దక్కింది. రిజిస్టర్లను నా చేతులతోనే మళ్లీ గోడ దగ్గర పేర్చాను.

నాకు బదిలీ అయిన రోజు ఖాజా సాబ్ మా రిజిస్టరులో ఎల్లయ్య పేజీ తెరిచి, ఎర్రసిరా సీసా పక్కన పెట్టారు.

"రాయుండ్రి డాక్టరమ్మా."

"నేను కోయలేదు కదా, ఖాజా గారూ!"

"ఆపకుంటే కోద్దురు గద. మీ తెలుగులనే రాయుండ్రి. రేపొచ్చెటోళ్లకు ఉర్దూ రాదు."

కలం సిరాలో ముంచాను. 'గడ్డ అనుకుని కోయబోయాను, ఖాజా సాబ్ ఆపారు' అని రాశాను. ఆయన సిరా ఆరేదాకా ఊది, మధ్యలో ఒక వేపరెబ్బ పెట్టి మూసేశారు.

ఇప్పుడు ఆ జబ్బు మన దేశంలోనే లేదు. తర్వాత నేను పాఠాలు చెప్పిన మెడికల్ కాలేజీలో, లేని రోగం మాకెందుకు చెబుతారని నా విద్యార్థులు అడిగేవారు. వాళ్లకు రోగం సంగతి రెండు ముక్కల్లో చెప్పి, ఆ ఎర్రసిరా సంగతి గంటసేపు చెప్పేదాన్ని. ఖాజా సాబ్ రాయించిన ఆ రోజు నుంచీ నా తప్పులన్నీ నోటుపుస్తకాల్లో ఎర్రసిరాతోనే రాసుకున్నాను. కొన్ని రాసేటప్పుడు ఏడ్చాను. ఈ పెట్టెలో ఉన్నవి ఆ నోటుపుస్తకాలే. నా తర్వాత ఎవరో ఒకరు చోటు చాలడం లేదని వీటిని పారేయబోతారు. ఆ రోజు పక్కనుంచి ఎవరైనా "జెర ఆగుండ్రి" అంటే చాలు.