ఊటీ గుర్రాల ఖాసిం తాత ఇగ లేడు

నిన్న పొద్దుగాల ఖాసిం తాత బిడ్డ షమీమ్ అక్క ఫోన్ చేసింది. "అబ్బా పోయిండు రా" అన్నది. ఇగ ఏడుపే.

నేను షాక్‌ల "ఏ హాస్పిటల్ల?" అని అడిగిన, పిచ్చిదాని లెక్క.

హాస్పిటల్ ఏం లేదు. చాయ్ తాగి కుర్చీల కూసున్నడట. అంతే.

సికింద్రాబాద్ కార్ఖానా బస్తీల మా పక్కిల్లే ఖాసిం తాతది. చుట్టరికం ఏం లేదు. కానీ నాకు సైకిల్ నేర్పింది ఆయనే. "కిందికి చూడకు బిడ్డా, ముందటికి చూడు" అని వెనుక ఉరికేటోడు.

వయసుల ఉన్నప్పుడు తాత తిరుమలగిరిల ఒక సేఠ్ ఇంట్ల గుర్రాలు చూసుకునేటోడు. ఎండాకాలం రాంగనే ఆ ఫ్యామిలీ ఊటీకి పోయేది. గుర్రాలు సుత రైల్లనే.

ఆ ముచ్చట్లు చెప్తుంటే మేం కదిలేటోళ్లం కాదు. పొగమంచుల గుర్రాల ముక్కులకెల్లి ఆవిర్లు. చెరువుల పడవలు. గడ్డి కొండల మీద దొరల రేసులు. అక్కడి కొండోళ్ల పిలగాడు ఒకడు ఆయనకు జిగ్రీ దోస్త్.

పోలీస్ యాక్షన్ అయిన ఏడు మాత్రం ముచ్చట వేరే.

నైజాం రాజ్యంల గడబిడ ఉన్నదని సేఠ్ కొండ దిగలే. సీజన్ అయిపోయినా అక్కడనే. తాత సుత అక్కడనే.

ఇక్కడ సికింద్రాబాద్ల అమ్మ, అన్న. తండ్రి లేకుంటే తాతను పెంచింది ఆ హుసేన్ అన్ననే. బీదర్ దిక్కు ఊర్ల ఉన్న అక్కను తోల్కొస్తనని అన్న బయలెల్లిండని ఎవరో వచ్చినోళ్లు చెప్పిన్రట. ఆ తర్వాత కబురు బంద్.

ఒకరోజు సేఠ్ ఇంట్ల రేడియో చెప్పింది, నైజాంల ఇండియా ఫౌజు దిగిందని.

"నన్ను పంపున్రి సాబ్" అన్నడట తాత.

"ఎట్ల పోతవ్ రా? రైలే లేదు."

ఇగ ఏం చేస్తడు? గుర్రాలకు జీన్లు కట్టిండు. పిల్లలను ఎక్కించి చెరువు చుట్టు తిప్పిండు. నవ్వుకుంట.

"ఎట్ల నవ్వినవ్ తాతా?" అని ఒకసారి అడిగిన.

"నేను నవ్వకుంటే పిల్లలు బెదురుతరు బిడ్డా. పిల్లలు బెదిరితే గుర్రం బెదురుతది."

రైళ్లు మళ్ల షురూ కాంగనే ఉరికొచ్చిండు.

అక్క ఇంట్ల ఉన్నది. అన్న లేడు.

ఊర్ల కొట్లాటలైతుంటే అక్కను పక్క హిందువుల ఇంట్ల దాచి, ఆమె అత్తమామలను తెస్తనని వెనుకకు పోయిండట. మళ్ల రాలే. వాళ్లూ రాలే.

తాత ఆ దిక్కు ఊర్లన్ని తిరిగిండు. కొందరు తలుపు తీయలే. కొందరు తాగనీకె నీళ్లిచ్చి తల వంచుకున్నరు. ఏమైందో ఎవ్వరూ చెప్పలే.

ఇంటికొచ్చి ఫాతిహా చదివిద్దామంటే వాళ్లమ్మ కొట్టనీకె వచ్చింది. "నా కొడుకు చచ్చిండని నీకు ఎవడు చెప్పిండు?"

ఆమె పోయినంక సుత ఫాతిహా చదివియ్యనీకె తాతకు మనసు రాలే. సేఠ్ ఎంత పిలిచినా మళ్ల ఊటీ పోలే. ఇక్కడనే టాంగా నడుపుకున్నడు.

పోయిన నెల నన్ను పిలిచిండు. "నీ ఫోన్ల అందరు దొరుకుతరంట గద. జెర అన్న పేరు కొట్టు."

కొట్టిన. ఇంకేం చెయ్యాలె నేను?

ఆ పేరుతోని ఎంతమందో. అందరు పడుచు పోరగాళ్లు. బైకుల మీద, పెండ్లిళ్లల్ల, సెల్ఫీలల్ల. తాత అద్దాలు పెట్టుకోని ఒక్కొక్క ఫోటో దగ్గర ఆగిండు.

"ఈన కాదు."

"ఈన సుత కాదు."

ఇగ చాలు తాతా అననీకె నోరు రాలే. స్క్రోల్ చేసుకుంటనే కూసున్న. ఆయన కండ్లు గుంజి, ఆయనే ఫోన్ నా చేతుల పెట్టేదాక.

నిన్న సాయంత్రం అసర్ నమాజ్ అయినంక మట్టి చేసిన్రు. ఆడోళ్లం ఇంటి గేటు కాడనే ఆగిపోయినం. షమీమ్ అక్క నా చెయ్యి ఇడ్వలే.

పోయిరా తాతా. నేను వెతికిపెట్టలేని మనిషి నీకు ఆడ ఎదురురావాలె. నీ పానం ఇగనన్న చల్లగుండాలె.