ఇరవై అంగుళాల గొప్ప

మా ఆవిడ నడుములో డిస్క్ జారి ఏడాదయింది. వారానికి రెండుసార్లు నాచారం నుంచి ఉప్పల్‌లోని దవాఖానాకు వ్యాయామానికి వెళ్లాలి. మధ్యలో ఉన్నదాన్ని అందరూ రోడ్డంటారు. నేను చూసినంతవరకు అది గుంతల ఊరేగింపు. కొన్నింటిలో చిన్న కుటుంబం కాపురం పెట్టొచ్చు. ఆమె ఎగిరిపడకుండా కూర్చోవాలన్న ఒకే ఒక్క కారణంతో పాత ఎస్‌యూవీ కొన్నాను. కొన్నప్పుడు నా బుద్ధి సరిగ్గానే ఉంది.

టైర్లు అరిగిపోయాయని నాచారంలోనే ఒక దుకాణానికి తీసుకెళ్లాను. దుకాణాయన బండిని చూడలేదు, నన్ను చూశాడు.

"అన్నా, ఏ తొవ్వల తిరుగుతవో చెప్పు, ఏ టైరో నేను జెప్త."

చెప్పాను. ఆవిడ నడుము సంగతీ చెప్పాను.

"గట్లయితే గీ పదిహేడు ఇంచుల రిమ్ములే ఉండనియ్యి. టైరు పక్కలు ఎంత ఎత్తుంటే గుంతను అంత టైరే మింగుతది. రిమ్ము పెద్దగ జేస్తే టైరు పల్చనైతది, దెబ్బ సక్కగ సీటుకొస్తది. అక్క నడుం ఖతం."

ఇంత స్పష్టంగా నాకు ఏ డాక్టరూ ఏదీ చెప్పలేదు. సరేననబోతుండగా వెంట వచ్చిన మా బావమరిది నోరు తెరిచాడు. నారపల్లిలో ప్లాట్లు అమ్ముతాడు. ఆ నోరు తెరుచుకుంటే పొలాలే ఇళ్ల స్థలాలైపోతాయి, నేనెంత?

"ఏంది బావా, ఏనుగుకు ఎలుక కాళ్లు వెట్టినట్టు! ఇరవై ఇంచులు ఎయ్యి. ఫంక్షన్ హాల్ ముంగట బండి ఆగితే జనం పెండ్లిపిల్లగాన్ని ఇడిసిపెట్టి నిన్ను సూడాలె."

"మరి మీ అక్క?"

"అక్కకేమైతది బావా? ఏసీ ఉంటది గద!"

యాభై ఏళ్లొచ్చినా పెళ్లికొడుకు కంటే ముందు నన్నే చూడాలన్న కోరిక నాలో ఎక్కడ దాక్కుందో తెలియదు. ఇరవై అంగుళాలే వేయించాను. నల్లగా మెరుస్తూ ఒక్కోటి గంగాళమంత. దాని చుట్టూ టైరు, గాజు తొడిగినంత.

ఇంటి ముందు పూజ చేశాం. కొబ్బరికాయ కొట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, ఆవిడను ముందు సీట్లో కూర్చోబెట్టి బండి కదిలించాను. ఆమె కళ్లు మూసుకుంది.

"ఏమైంది?"

"నిమ్మకాయలు నాలుగూ నా నడుంలనే చితికినయి."

వీధంతా నవ్వింది. బావమరిది అందరికంటే ఎక్కువ నవ్వాడు. నేనూ నవ్వాను.

మొదటి వారం ఆమె ఓపిక పట్టింది. దవాఖానాలో గంటసేపు సాగదీసిన నడుము ఇల్లు చేరేసరికి మళ్లీ మొదటికే వచ్చేది. రెండో వారం గేటు బయటికెళ్లి తనే ఆటో పిలుచుకుంది.

"ఆటో ఎగరదా?" అన్నాను.

"ఎగురుతది. కానీ నడుం నొప్పంటే ఆటో ఆయన నా కోసం మెల్లగ పోతడు. నువ్వు మెల్లగ పోయేది రిమ్ములకు గీతలు వడ్తయని."



పాత రిమ్ములు ఇంకా తన దగ్గరే ఉన్నాయని, కావాలంటే మార్చేస్తానని దుకాణాయన ఫోన్ చేశాడు. వచ్చే నెల నారపల్లిలో బావమరిది గృహప్రవేశం. అది కాగానే వస్తానన్నాను. ఫోన్ పెట్టి తిరిగి చూస్తే ఆవిడ గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటోంది. వంగలేక గోడ పట్టుకుని ఉంది.

"మా తమ్మునింటికి నువ్వు నీ చక్రాలను తోల్కపో," అంది. "నేను ఆటోల వస్త."